సరి సంఖ్యల సంగతి

శుద్ధ గణితమంటే చివరికి సుద్ద గణితమే. చొక్కా చేతులకి అంటేది, దగ్గు తెప్పించేది, తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోయేది. నాలుగూ ఐదుకి డెల్ఫీన్ టర్కాట్ పెట్టెలోంచి కొత్త సుద్దముక్క తీసి, కీచుమనకుండా దాని కొస విరిచి, గోడకున్న మూడు నల్లబల్లల్లో ఎడమవైపు దాని మీద తన ఉపన్యాసం పేరు రాయడం మొదలెట్టేసరికి, రెండో వరసలో కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న గొర్డన్ హాల్వర్సన్ చేతిగడియారం చూసుకున్నాడు. గంట. ఐదూ ఐదుకి ఈ పిల్ల "అంతేనండి, థాంక్స్" అంటుంది, చప్పట్లు పడతాయి, తను లేచి "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అడగాలి, పదిహేడేళ్ళుగా ఈ గురువారం సెమినార్ నడిపేది తనే కాబట్టి. ఆలోగా తేల్చుకోవాలి. చెప్పడమా, మింగడమా. మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పేద్దామని కూర్చుని, చెప్పాల్సిన మాట నోట్లో ఉండగానే దాని మీంచి బార్లీ సూపు పోసి మింగేశాడు. ఇప్పుడు మిగిలింది అరవై నిమిషాలు. ఇంకో నాలుగుంటే బావుండేది, కాదు కాదు, అరవై నాలుగు వద్దు, ఆ అంకె పేరెత్తితే చాలు, అరికాళ్ళలోంచి చలి పైకెక్కుతోంది, ఆగస్టు నుంచీ.

ఇది సమూహ సిద్ధాంతం సెమినార్. సమూహాల గురించి వినడానికి సమూహం రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు గోడలకి ఆనుకుని నిలబడేవాళ్ళు, కిటికీ అరుగు మీద కూర్చునేవాళ్ళు, ఇప్పుడు కుర్చీలు నలభై, మనుషులు ఆరుగురు. ఆరు. ఆరడానికి సిద్ధంగా ఉన్న దీపానికి తగిన అంకె. అందులో ముగ్గురు పరిశోధక విద్యార్థులు, వాళ్ళ పరిశోధనంతా బయట కాఫీ బల్ల మీద ఓట్స్ బిస్కట్ల పళ్ళెం అడుగు ఎక్కడుందన్న దాని మీద. నాలుగోవాడు వెండెల్ ఫ్రిష్, స్టాటిస్టిక్స్ మనిషి, తన గదిలో హీటర్ పాడైందని ఇక్కడికొచ్చి వెచ్చగా కూర్చున్నాడు. ఐదోవాడు తను. ఆరో ఆయన ఎమరిక్ సోబెల్, మొదటి వరసలో కుడి చివర కుర్చీ, ఎనభై ఆరేళ్ళు, రిటైరై ఇరవై ఏళ్ళయినా గురువారం వస్తే చాలు మంచులో కర్ర పొడుచుకుంటూ వచ్చేస్తాడు. వచ్చి నిద్రపోతాడు. ఇందాక కాఫీ బల్ల దగ్గర, "ఏమోయ్ గొర్డన్, ఇవాళ బిస్కట్లు బావున్నాయి. అంటే ఉపన్యాసం బావుండదన్నమాట," అన్నాడు, డెల్ఫీన్ వింటుండగానే. ఆ అమ్మాయి నవ్వి, "రెండు తీసుకోండి, ముందే సరిపెట్టుకుందాం," అంది. సోబెల్ రెండు తీసుకున్నాడు. ఇప్పుడాయన గడ్డం ఛాతీ మీదికి వాలుతోంది. బిస్కట్ పొడి స్వెట్టర్ మీద, ఆయన ఊపిరితో పాటు పైకీ కిందికీ.

నిద్రపోనీ. నిద్రలేచి ఉన్న రోజుల్లో ఈయనే కదా తన వ్యాసం చదివి పత్రికకి పాస్ చేసింది. ఎవరు చదివారన్నది రహస్యంగా ఉండాలి, కానీ సోబెల్‌కి రహస్యాలు దాచుకునే జేబు లేదు, మరుసటి వారమే వరండాలో ఆపి, "ప్రతి పంక్తీ చదివానోయ్, ఒక్కటీ వదల్లేదు," అన్నాడు. నిజమే. ప్రతి పంక్తీ చదివాడు. పంక్తే లేని చోట పాపం ఏం చదువుతాడు?

నాలుగో లెమ్మా. పెద్ద సిద్ధాంతం ఎక్కడానికి ముందు వేసుకునే మెట్టుని లెమ్మా అంటారు, పేరుకి తగ్గట్టు అది లేచి నిలబడి ఉండాలి, మనం దాని భుజాల మీద కాలు పెట్టాలి. హాల్వర్సన్ నాలుగో లెమ్మా ఇరవై ఒక్క ఏళ్ళు నిలబడింది. ఫలానా రకం సమూహంలో ఫలానా రకం చిన్న సమూహం ఒకటి తప్పకుండా ఉంటుంది, అంతే ఆ లెమ్మా చెప్పేది. సమూహంలో ఉన్నవాళ్ళ లెక్క బేసి సంఖ్య అయితే దానికి ఏడు పేజీల రుజువు రాశాడు, ఒక్కో పేజీ ఒక్కో నెల తిన్నది. తరవాత సరి సంఖ్యలు. నాలుగుకి చూశాడు, సరిపోయింది. ఎనిమిదికి చూశాడు, పదహారుకి చూశాడు. ముప్ఫై రెండు దాకా చూసి ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుకున్నాడు. ఉద్యోగం పర్మనెంట్ చేసే కమిటీకి శుక్రవారంలోగా కాగితాలివ్వాలి, ఆ రోజు బుధవారం. అప్పుడు రాశాడు ఆ వాక్యం, ఏడో పేజీ అడుగున: "సరి సంఖ్యల విషయంలోనూ రుజువు ఇదే విధంగా సాగుతుంది." సాగలేదు. సాగదీశాడు. సరి సంగతి సరేననుకుని సరిపెట్టేశాడు. ఈ వృత్తిలో ఎవరైనా చేసే పనే అది, రోజూ ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు "ఇదే విధంగా" అని రాసి లేచి కాఫీ తాగడానికి వెళతాడు, తొంభై తొమ్మిది సార్లు అది ఇదే విధంగానే ఉంటుంది. బేసికి సబబైంది సరికి బేసబబు అవుతుందని ఎవరనుకుంటారు. అనుకోవాలి. ఈ శాస్త్రంలో రెండు అనే అంకె ఎంత పెంకిదో చదువుకునే రోజుల నుంచీ తెలుసు, ప్రతి ఒక్కరూ శిష్యుడికి మొదటి రోజే చెబుతారు, రెండుతో జాగ్రత్తరా అని.

డెల్ఫీన్ మొదటి బల్ల నింపేసింది. బావుంది చేతిరాత, గుండ్రంగా, తొందర లేకుండా, వెనక వరస వాడికి కూడా కనిపించాలన్న మర్యాద ఉన్న రాత. మెయిన్ రాష్ట్రంలో కెనడా సరిహద్దు ఊరి పిల్ల, తండ్రి హాకీ మైదానంలో మంచుని చదును చేసే బండి నడిపేవాడట, ఆ బండి ఎక్కడ మొదలెట్టి ఎటు తిరిగితే ఒక్క చోటు కూడా రెండోసారి తొక్కకుండా మైదానమంతా వస్తుందని ఎనిమిదేళ్ళప్పుడు లెక్క వేసిందట. భోజనం దగ్గర చెప్పింది. "వచ్చిందా?" అని తను అడిగితే, "మూలలు రాలేదండి. మూలలెప్పుడూ రావు," అంది. చక్కటి బుర్ర. పక్క రాష్ట్రంలో తాత్కాలిక పదవి, మూడేళ్ళది, ఇది ఆఖరి ఏడాది. ఆమె సిద్ధాంతం మొత్తం సరి సంఖ్యల మీదే, అంటే నాలుగో లెమ్మా మీదే, అందులోనూ ఆ రుజువు లేని సగం మీదే. నూటపది పేజీల ఇల్లు కట్టింది, హాల్వర్సన్ అనే పెద్దమనిషి ఇదుగో ఇక్కడ నేలుంది అని వేలు పెట్టి చూపించిన చోట.

కారు టైర్ల కొట్లో దొరికింది అరవై నాలుగు. ఆగస్టు ఆఖరి వారం. చలికాలం టైర్లు అప్పుడే చవగ్గా ఇస్తారని సిగ్రిడ్ పంపితే వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, పక్కనే టీవీలో ఎవరో చేపలు పడుతున్నారు. కొత్త శిష్యులకి లెక్క ఒకటి ఇవ్వాలి, తన లెమ్మాలో సరి సంఖ్యల భాగమే ఇస్తే పోలా, ఇదే విధంగా చేసుకొస్తారు, అనుకుంటూ కరెంటు బిల్లు కవరు వెనక గీకడం మొదలెట్టాడు. మూడు అక్షరాలు, వాటి మధ్య నాలుగు సూత్రాలు, అరవై నాలుగు మంది ఉన్న ఒక చిన్న సమూహం. అందులో ఉండి తీరాలన్న చిన్న సమూహం లేదు. ఇంకోసారి చూశాడు. లేదు. అరవై నాలుగు కళలూ చూపించింది కానీ అది మాత్రం చూపించలేదు. టైర్ల మనిషి వచ్చి, "సార్, మీ కారు అయిపోయింది," అన్నాడు. కారేమిటి, తనే అయిపోయాడు. లేచి వెళ్ళి తాళాలు తీసుకున్నాడు, సంతకం పెట్టాడు, "థాంక్స్" కూడా అన్నాడు. ఆ కవరు ఇప్పుడూ కోటు లోపలి జేబులో ఉంది. బిల్లు కట్టడం మర్చిపోతే కరెంటు వాళ్ళు రెండోసారి పంపారు.

సిగ్రిడ్‌కి చెప్పాడు, వారం తరవాత, ఆమె గిన్నెలు తుడుస్తుంటే. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మనిషి, విరిగినదాన్ని విరిగిందని చెప్పడం ఆమెకి రోజూ పని. "అయితే తప్పని రాసి పంపించు. అందులో ఏముంది? పార్కింగులో ఎవరి కారుకైనా గీత పడితే చీటీ రాసి అద్దానికి పెట్టి రామూ?" "ఇది కారు కాదు సిగ్రిడ్. దీని మీద నలభై ఒక్క వ్యాసాలు ఉన్నాయి. నలభై ఒక్క మంది దీన్ని వాడుకున్నారు." "అయితే నలభై ఒక్క చీటీలు రాయి." అదీ నిజమే. కానీ ముందు బాగుచేద్దామనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆరు వారాలు కూర్చున్నాడు, ఒక షరతు పెడితే నిలబడుతుందేమో, ఇంకో షరతు పెడితే, లెమ్మాకి ఊతకర్రలు కట్టీ కట్టీ చివరికి కర్రలే మిగిలాయి, లెమ్మా లేదు. ఉపపత్తి లేని చోట ఉన్నది విపత్తి ఒక్కటే. అది మధ్యలో ఉండగానే, సెప్టెంబరులో, వచ్చింది డెల్ఫీన్ ఉత్తరం: ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతున్నాను, మీరు నా గురించి రెండు మాటలు రాసిస్తారా, మీ లెమ్మా మీదే కదా నా పని అంతా. రాసిచ్చాడు. కవరు జేబులో పెట్టుకుని రాసిచ్చాడు. "ఈమె పని గట్టి పునాది మీద నిలబడి ఉంది" అని కూడా రాశాడు. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాడు, కొట్టేద్దామనుకున్నాడు, కొట్టేస్తే ఉత్తరం చిన్నదైపోతుందని ఉంచేశాడు. చిన్న ఉత్తరాలు అభ్యర్థికి మంచివి కావు.

ఆ అమ్మాయి కోసమే, అని చెప్పుకున్నాడు తనకి తాను. ఒక ఉద్యోగంలో స్థిరపడనీ, అప్పుడు చెబుదాం. ఎంత చక్కటి సాకు, చేతికి ఎంత బాగా అతుకుతోంది, చలికాలం చేతి తొడుగులాగా. నిజానికి ఎవరి కోసం? నలభై ఒక్క వ్యాసాల్లో "హాల్వర్సన్ లెమ్మా" అని తన పేరుంది. తన పేరు మీద ఉన్నది అదొక్కటే. వీధికి పేరు పెట్టరు, పిల్లలు లేరు, మెడల్ లేదు, ఒక లెమ్మా ఉంది. యాభై నాలుగేళ్ళ మనిషి దగ్గర్నుంచి దాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది, శేషం సున్నా, నిశ్శేషంగా భాగించబడిన మనిషి. అక్టోబరులో సిగ్రిడ్ ఇంకోసారి అడిగింది, "రాశావా?" "రాస్తున్నా." మూడోసారి అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. అప్పుడే డెల్ఫీన్‌ని పిలుద్దామని తోచింది, సెమినార్‌కని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, మనిషికి మనిషి చెబుదామని.

మరి చెప్పాడా? మధ్యాహ్నం, క్యాంటీన్‌లో, బయట పార్కింగు మీద మంచు అడ్డంగా పడుతుంటే. "ఇంటర్వ్యూలు ఎలా సాగుతున్నాయి?" అన్నాడు, అటునుంచి నరుక్కొద్దామని.

"ఒకచోట ఖాయమైపోయిందండి. జనవరిలో చేరాలి."

"అబ్బో! ఎక్కడ?"

"మినియాపొలిస్‌లోనండి."

"శుభం! పెద్ద చోటే కొట్టావు." జనవరిలో ఏ యూనివర్సిటీ చేర్చుకుంటుంది, సంవత్సరం సగంలో, అని ఒక చిన్న అనుమానం తలెత్తింది, దాన్ని కూర్చోమన్నాడు. ఖాయమైంది కదా, ఇప్పుడు చెప్పెయ్, అంది లోపల ఒక గొంతు. ఖాయమైందాన్ని నీ చేత్తో చెడగొడతావా, ఆ సిద్ధాంతం చూసే కదా తీసుకున్నారు, అంది ఇంకోటి. రెండు గొంతులూ తనవే, ఒకదానికొకటి అడ్డం. ఈలోగా డెల్ఫీన్ చెంచా కింద పెట్టి, "మీకో సంగతి చెప్పనా? నవ్వకూడదు. మీ నాలుగో లెమ్మాని నా బల్ల ఎదురుగా గోడకి అంటించుకున్నాను, మూడేళ్ళయింది," అంది.

"లెమ్మా మొత్తమా?"

"ఊహు. చివరి వాక్యం ఒక్కటే."

సూపు అడ్డం పడింది. దగ్గాడు, ఆమె నీళ్ళగ్లాసు జరిపింది, దగ్గు తగ్గేసరికి వెండెల్ ట్రే పట్టుకుని వచ్చి, "ఏం గురూ, అతిథికి సూపు పెట్టి నువ్వు పొలమారుతున్నావా?" అంటూ పక్కన చతికిలబడ్డాడు. అయిపోయింది. చెప్పడానికి ఇంకో చోటు లేదు. సెమినార్ తరవాత భోజనానికి తీసుకెళ్ళాలి, ఆనవాయితీ, చేపల హోటలు, కానీ అక్కడికి వెండెల్ వస్తాడు, సోబెల్ వస్తాడు, సోబెల్‌కి చేప ముళ్ళు ఎవరో ఒకరు తీసిపెట్టాలి.

రెండో బల్ల. వస్తోంది. ఇంకో నాలుగు పంక్తుల్లో వచ్చేస్తుంది, ఆమె ఎటు నడుస్తోందో తనకి తెలుసు, తను వేసిన బాటే కదా. కిటికీ బయట అప్పుడే దీపాలు వెలిగాయి, నవంబరులో ఈ ఊళ్ళో నాలుగున్నరకే పగలు చేతులెత్తేస్తుంది. డెల్ఫీన్ "ఇప్పుడు హాల్వర్సన్, నాలుగో లెమ్మా వల్ల," అంటూ వెనక్కి తిరిగి తనవైపు చూసి తల వంచింది, మర్యాదగా, గుళ్ళో మొక్కినట్టు కాదు, దారిలో పెద్దవాళ్ళు ఎదురైతే వంచినట్టు. విద్యార్థుల్లో ఒకడు కూడా తిరిగి చూశాడు, ఓహో ఈయనేనా ఆయన అన్నట్టు. హాల్వర్సన్ చిన్నగా చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ప్రశ్నకి ఎత్తినట్టే ఉంది, ఆమె సుద్ద ఆపి, "చెప్పండి?" అంది. గదిలో రేడియేటరు టకటకలాడింది. ఇదీ తలుపు. తెరిచే ఉంది. "ఏం లేదు. కానీ, కానీ," అన్నాడు. ఆమె కానిచ్చింది. బల్ల మీద తన పేరు, సమాధి రాయి మీద చెక్కినట్టు చక్కగా, దాని పక్కన ఒక బాణం గుర్తు, ఆ బాణం పట్టుకుని మూడో బల్ల మీదికి.

ఇక అక్కడి నుంచి ప్రతి పంక్తీ ఒక అంతస్తు. అవధి లేదు. ఎంత అందంగా కడుతోంది, ఇది కదా విషాదం, పైనంతా నిజం, ఒక్క మెలిక కూడా తప్పులేదు, ఒక్కో చోట హాల్వర్సన్‌కి అప్రయత్నంగా "బావుంది" అని పెదాలు కదిలాయి. అబద్ధం మీద ఇంత నిజం కట్టొచ్చా. తనకి ముప్ఫై మూడేళ్ళప్పుడు ఇలాగే రాసేవాడు బల్ల మీద, అప్పుడు కుర్చీలు నిండుగా ఉండేవి, సోబెల్ మేలుకుని ఉండేవాడు, మధ్యమధ్య "ఎందుకు? ఎందుకూ?" అని పొడిచేవాడు, ఆ పోట్లకి చెమటలు పట్టేవి, ఇంటికెళ్ళి సిగ్రిడ్‌తో ఆ ముసలాడు చంపుతున్నాడనేవాడు. ఆ ముసలాడు ఆ ఒక్క వాక్యం దగ్గర "ఎందుకు?" అని ఉంటే. అనలేదు. హాల్వర్సన్ కుర్రాడు, నమ్మకస్తుడు, ఏడు పేజీలు బంగారంలా ఉన్నాయి, ఎనిమిదో పేజీ అడగడం బావుండదనుకున్నాడేమో. ఎవరూ ఎవర్నీ అడగరు. ఇదంతా మొహమాటం మీద నిలబడ్డ శాస్త్రం. బయటివాళ్ళేమో గణితంలో అన్నీ రుజువు చేస్తారనుకుంటారు. చేస్తాం, చేస్తాం. రాయనివి తప్ప.

ఐదింటికి పది. ఐదు. సోబెల్ గుర్రు ఒక లయలో పడింది. తేల్చుకో. ఇక్కడ, అందరి ముందు, ఆ అమ్మాయి మూడు బల్లలు నింపుకుని నిలబడి ఉండగా లేచి తప్పని చెబితే అది నిజాయితీ అనిపించుకుంటుందా, క్రూరత్వమా? రేపు ఉత్తరం రాస్తే? ఉత్తరాల్లో ఏం రాస్తాడో చూశాంగా. వచ్చే నెల? ఆమె ఉద్యోగంలో చేరాక? ఆరేళ్ళలో పర్మనెంట్ అయ్యాక? ఆరేళ్ళకి తను అరవై, ఎవడో ఇంకో దేశంలో ఇంకో టైర్ల కొట్లో ఇంకో కవరు వెనక కనిపెట్టేస్తాడు, అప్పుడు "అరెరె, నేను చూడనే లేదు," అనొచ్చు. ఆ మాట ఎలా అంటాడో, మొహం ఎలా పెడతాడో కూడా మనసులో వేసి చూసుకుంటున్నాడని గ్రహించి సిగ్గుపడ్డాడు. సరే. చెప్పను. మింగుదాం. తేలింది. తేలాక హాయిగా ఉండాలి కదా, నీళ్ళలో ఉబ్బిన శవం కూడా తేలుతుంది.

"అంతేనండి. థాంక్స్," అంది డెల్ఫీన్. ఆరుగురిలో ఐదుగురి చప్పట్లు.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

ఎవరూ కదల్లేదు. విద్యార్థులు బూట్లు చూసుకుంటున్నారు, వెండెల్ కప్పు చూసుకుంటున్నాడు. ఎవరూ అడగకపోతే నడిపేవాడు ఒకటి అడగాలి, వచ్చిన మనిషిని ఉత్తి చేతులతో పంపకూడదు, అదీ ఇక్కడి మర్యాద. అలాంటి ప్రశ్నలు మూడు పెట్టుకున్నాడు ఇన్నేళ్ళుగా, ఎవరికైనా సరిపోయేవి, పెళ్ళిళ్ళకి చదివించే గిన్నెల్లాంటివి. వాటిలో అన్నిటికన్నా మెత్తనిది తీశాడు.

"చాలా బావుంది డెల్ఫీన్. దీని తరవాత ఏం చేద్దామనుకుంటున్నావు?"

ఆమె చేతుల సుద్ద దులుపుకుని నవ్వింది. "దీని తరవాత ఏం లేదండి. ఇదే నా ఆఖరి ఉపన్యాసం. జనవరి నుంచి బీమా కంపెనీలో చేరుతున్నాను. మీకు మాటిచ్చాను కదా అని ఇది మాత్రం ఉంచుకున్నాను."

"బీమానా!" వెండెల్ నిటారుగా కూర్చున్నాడు. "భలే పని చేశావమ్మా, బీమా ఉంటే ధీమా. మా స్టాటిస్టిక్స్ పిల్లలంతా అక్కడే. కానీ ఇంత చేసి, ఇప్పుడు మానెయ్యడమేంటి?"

"నాకు రాలేదండి." తేలిగ్గానే అంది, చాలాసార్లు చెప్పుకుని నున్నగా అయిన మాటలాగా. "ఈ లెమ్మాని ఇంకొంచెం పెంచాలంటే దాని రుజువు లోపలికెళ్ళాలి కదా. బేసి సంఖ్యలది చదివాను, అద్దంలా ఉంది. సరి సంఖ్యలది ఇదే విధంగా అన్నారు. చేసుకుందామని కూర్చున్నాను. రెండేళ్ళు. ఒక్క అడుగు పడలేదు. నలభై మంది దీన్ని దాటుకుని ముందుకెళ్ళారు, అంటే అందరికీ ఇదే విధంగా వచ్చిందనే కదా? నాకొక్కదానికే రాలేదు. ఉన్నది ఉన్నట్టు వాడుకుని సిద్ధాంతం రాశాను, అది వేరే సంగతి. కానీ నాది ఈ పనికి సరిపోయే బుర్ర కాదని తెలిసిపోయింది. పోన్లెండి, తొందరగానే తెలిసింది."

"మరి నన్నడగొచ్చు కదా?" అన్నాడు హాల్వర్సన్. ఆ గొంతు ఎవరిదో.

"సిగ్గేసిందండి. ఇదే విధంగా అని రాసి ఉంటే ఎలా అడుగుతాం, ఏ విధంగా అని?"

ఎవరో నవ్వారు. విద్యార్థుల్లో ఒకరు, సానుభూతిగా, తనకీ ఇలాంటిదే ఉన్నట్టు. హాల్వర్సన్ లేచాడు. లేవాలని అనుకోలేదు. కుర్చీ వెనక్కి జారి వెనక వరస కుర్చీకి కొట్టుకుంది, ఆ చప్పుడుకి సోబెల్ కళ్ళు తెరిచాడు.

"అది రాదు," అన్నాడు. "నీకే కాదు. ఎవరికీ రాదు. లేదు అది. తప్పు."

"ఏది తప్పు?" అన్నాడు సోబెల్, ఏ శతాబ్దంలో ఉన్నాడో తెలియనట్టు.

"నేను రాసిందండి."

బల్ల మీద చోటు లేదు. తన పేరున్న చోటే అరచేత్తో తుడిచాడు, సుద్ద పొగ లేచింది, జేబులో కవరు తియ్యకుండానే రాశాడు, మూడు అక్షరాలు, నాలుగు సూత్రాలు, కింద అరవై నాలుగు. ఆఖరి సూత్రం వంకరగా వచ్చింది. పక్కకి జరిగాడు.

డెల్ఫీన్ దగ్గరికొచ్చింది. పెదాలు కదుపుతూ చదివింది, వేలితో గాల్లో ఏదో గుణించింది. అర నిమిషం. అప్పుడు ఆ మొహంలో వెలిగిందొకటి, మంచు మైదానం మీద బండి తిప్పే దారి వెతికిన ఎనిమిదేళ్ళ పిల్ల మొహం అయి ఉండాలది. "అబ్బ," అంది. "ఎంత బావుందండీ ఇది. ఎంత చిన్నది!" తనే రెండో సూత్రం మీద వేలు పెట్టి, "ఇక్కడే. ఇక్కడే ఇరుక్కునేదాన్ని ప్రతిసారీ. అంటే నేను చేసిందాంట్లో తప్పు లేదు."

"లేదు. నువ్వు చేసిందే సరి."

"ఇది మీకు ఎప్పుడు దొరికింది?"

ఇవాళ అనొచ్చు. నీ ఉపన్యాసం వింటుంటే తట్టిందనొచ్చు, ఆమె సంతోషించేది కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది, చక్కగా దువ్వుకుని, తయారై. సోబెల్ చూస్తున్నాడు. వెండెల్ కప్పు కింద పెట్టాడు.

"ఆగస్టులో," అన్నాడు.

డెల్ఫీన్ తలాడించింది. బల్ల వైపే చూస్తూ ఉంది. మొహంలో వెలుగు ఒకేసారి పోలేదు, ఎక్కడెక్కడ ఉందో అక్కడక్కడే మెల్లగా ఆరింది. "ఇప్పుడున్న పదవిలోనే ఇంకో రెండేళ్ళు ఉండమన్నారండి మా యూనివర్సిటీవాళ్ళు," అంది. "వద్దని సంతకం పెట్టింది అక్టోబరు ఇరవైన. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారు." కోపంగా అనలేదు. తేదీలు రెండూ ఒకదాని కింద ఒకటి వేసి చూసుకుంటున్నట్టు అంది.

ఆమె సుద్దముక్కని బల్ల కిందనున్న చెక్క మీద పెట్టి, కుర్చీ వెనక వేలాడుతున్న కోటు తీసుకుని, ఒక చెయ్యి తొడుక్కుంది.

"భోజనానికి రాలేను, ఏమనుకోకండి," అంది. "ఆరింటికి బస్సుంది."